సివిల్, మెకానికల్ పిల్లలకి డిజిటల్ స్కిల్స్: విడి కోర్సు పెట్టాలా, సబ్జెక్టులోనే కలపాలా?

కొల్లేరు_సివిల్

నమస్తే అండి. ఏలూరు వైపు ఒక అఫిలియేటెడ్ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చెప్తాను. వచ్చే సెమిస్టర్ నుంచి కోర్ బ్రాంచీల పిల్లలకి డిజిటల్ స్కిల్స్ నేర్పాలి, ఎలా చేద్దామో రాసివ్వమని మా ప్రిన్సిపాల్ గారు నాకు అప్పజెప్పారు. ఇప్పటిదాకా మా దగ్గర జరుగుతున్నది ఏంటంటే, ఏడాదికోసారి బయటి నుంచి ఎవరో వచ్చి వారం పాటు పైథాన్ అనో, ఏఐ అనో చెప్పి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్తారు. ఫొటోలు, అటెండెన్స్ షీట్లు ఫైల్లో పెట్టుకుంటాం. నెల తిరిగాక ఆ పిల్లల్నే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక చిన్న లెక్క చేయమంటే చేతులు ఆడవు.

ఫస్టియర్‌లో అందరూ సి లాంగ్వేజ్ చదివినవాళ్లే. థర్డియర్‌కి వచ్చేసరికి స్టీల్ రాడ్ టెన్షన్ టెస్టు రీడింగులు ఎక్సెల్‌లో పెట్టి స్ట్రెస్–స్ట్రెయిన్ గ్రాఫ్ గీయడం కూడా చాలామందికి రావట్లేదు. అది వాళ్ల తప్పని నేను అనను. మా యూటీఎమ్ మెషీన్ (రాడ్‌ని లాగి బలం పరీక్షించేది) డేటాని ఫైలుగా ఇస్తుంది, అయినా మేమే చేత్తో రీడింగులు రాయించి, గ్రాఫ్ షీటు మీద గీయించి, రికార్డులో అంటించమంటాం.

నాకైతే విడి కోర్సు కన్నా ఉన్న సబ్జెక్టుల్లోనే కలపడం మంచిదనిపిస్తోంది. కానీ సిలబస్, ఎక్స్‌టర్నల్ పేపరు యూనివర్సిటీవి, మా చేతిలో ఉండవు. కంప్యూటర్ ల్యాబులన్నీ సీఎస్ఈ వాళ్ల టైమ్‌టేబుల్‌తో నిండిపోయి ఉంటాయి. సగం మందికి ల్యాప్‌టాప్ లేదు, ఫోనే దిక్కు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలో చెప్పండి. ఫీల్డులో పనిచేసేవాళ్లు ఉంటే, మీ దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలకి నిజంగా ఏం తక్కువైందో అది కూడా రాయండి, దాన్ని బట్టే ప్రపోజల్ రాస్తాను.

థర్మల్_మాస్టారు

మేడమ్, మీ ఆలోచన సరైనదే. నేను మెకానికల్‌లో చాలా ఏళ్లుగా చెప్తున్నాను, ఇప్పుడు ఉన్నది అటానమస్ కాలేజీ (సిలబస్, పేపర్లు సొంతంగా పెట్టుకునేది), కానీ అంతకుముందు అఫిలియేటెడ్‌లోనే ఉన్నాను కాబట్టి మీ ఇబ్బంది తెలుసు.

సిలబస్ మారేదాకా ఆగాల్సిన పని లేదు. కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్ల ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌లో (డిగ్రీ అయ్యేసరికి పిల్లలకి రావాల్సిన నైపుణ్యాల జాబితా) అయిదోది ఆధునిక సాధనాల వాడకం గురించే. ఇంజనీరింగ్ డిగ్రీలని దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో మనదేశం 2014లో శాశ్వత సభ్యత్వం తీసుకున్నప్పటి నుంచీ, ఏ సబ్జెక్టు ఏ అవుట్‌కమ్‌కి ఎంత తోడ్పడుతుందో చూపే పట్టికలు నింపుతూనే ఉన్నాం. ప్రతి సబ్జెక్టు ఎదురుగా అయిదో కాలమ్‌లో 2 అనో 3 అనో వేస్తున్నాం కదా, ఆ అంకె వెనక ఒక్క అసైన్‌మెంటైనా నిజంగా ఉండేలా చూడండి. మీ ప్రపోజల్ ఇదే మాటతో మొదలుపెడితే ప్రిన్సిపాల్ గారు, కాలేజీ నాణ్యత చూసే ఐక్యూఏసీ వాళ్లు కూడా కాదనలేరు. మార్కుల సంగతికొస్తే, జేఎన్‌టీయూ కాకినాడ కిందైతే ఇంటర్నల్ 30లో అసైన్‌మెంట్‌కి 5 ఉన్నాయి, అవి పూర్తిగా మీ చేతిలోవే. చూడటానికి చిన్నవే గానీ, పిల్లలు మార్కు ఉన్న పనే చేస్తారు, లేని పని మనం ఎంత మొత్తుకున్నా చెయ్యరు.

పైథాన్‌తో మొదలుపెట్టొద్దు. స్ప్రెడ్‌షీట్‌తో మొదలుపెట్టండి. ఎక్సెల్ లైసెన్సు లేకపోతే లిబ్రెఆఫీస్ కాల్క్ ఉచితం. చాలామంది అధ్యాపకులు దీన్ని గుమాస్తా పని అనుకుంటారు, కానీ ఒక లెక్కని ఇన్‌పుట్లు వేరుగా, సూత్రం వేరుగా, యూనిట్లు రాసి, ఇంకొకరు తెరిచి చూస్తే అర్థమయ్యేలా పెట్టడం అనేది చాలా పెద్ద విద్య, అది వచ్చినవాడికి తర్వాత ఏ ప్రోగ్రామింగ్ భాషైనా తొందరగా వస్తుంది. నేను హీట్ ట్రాన్స్‌ఫర్‌లో ఫిన్ (వేడిని బయటికి పంపే రెక్క) లెక్క ఇలాగే చేయిస్తాను. ముందు ఒకసారి చేత్తో, తర్వాత షీటులో, ఆ తర్వాత ఫిన్ పొడవు మారుస్తూ పోతే వేడి ఎక్కడి నుంచి పెరగడం ఆగిపోతుందో గ్రాఫ్‌లో చూడమంటాను. చేత్తో అయితే ఒక్క పొడవుకి చేసి వదిలేస్తారు, షీటులో యాభై పొడవులు నిమిషంలో అయిపోతాయి, అప్పుడు సూత్రం ఎలా నడుస్తుందో కళ్లకి కడుతుంది.

కాపీ కొట్టకుండా ఉండటానికి రోల్ నంబర్ వాడండి. బీమ్ మీద లోడు 15 కిలోన్యూటన్లకి రోల్ నంబర్ చివరి అంకె కలిపినంత అని ఇస్తే, పక్కవాడి జవాబు వీడికి పనికిరాదు.

ఐఐటీ బాంబే వాళ్ల ఫాసీ ప్రాజెక్టు కూడా చూడండి. సైలాబ్, ఓపెన్‌ఫోమ్, ఈసిమ్, డీడబ్ల్యూసిమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద కాలేజీల కోసమే పనిచేస్తున్నారు. వాళ్ల దగ్గర టెక్స్ట్‌బుక్ కంపానియన్ అని ఒక పని ఉంది, పాఠ్యపుస్తకంలో సాల్వ్ చేసిన లెక్కలకి విద్యార్థులు కోడ్ రాసిస్తే గౌరవ వేతనం కూడా ఇస్తారు. మంచి పిల్లలు కొందరు దొరికితే వాళ్లని అటు పంపండి.

బీమ్‌కాలమ్_హైదరాబాద్

స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో పనిచేస్తాను, ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు కూడా తీసుకుంటాను. ఫీల్డులో ఏం తక్కువైందని అడిగారు కాబట్టి సూటిగా చెప్తున్నాను. స్టాడ్, ఈట్యాబ్స్, రెవిట్ లాంటి బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నాం అని అందరి రెజ్యూమెల్లో ఉంటుంది. అమీర్‌పేటలో నేర్చుకుని వస్తారు, బటన్లు ఎక్కడున్నాయో బాగానే తెలుసు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబు సరైనదో కాదో ఎలా తెలుసు అని అడిగితే మాత్రం మాట రాదు.

నేను అడిగే ప్రశ్న ఒకటే. 6 మీటర్ల స్పాన్, మీటరుకి 20 కిలోన్యూటన్ల లోడు, సింప్లీ సపోర్టెడ్ బీమ్, అంటే రెండు చివర్లా ఊరికే ఆనించినది. మధ్యలో మూమెంట్, అంటే బీమ్‌ని వంచే ప్రభావం, ఎంత? డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 8 (డబ్ల్యూ లోడు, ఎల్ స్పాన్), అంటే 90 కిలోన్యూటన్ మీటర్లు, ఇది నోటి లెక్క. ఇప్పుడు అదే బీమ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి సపోర్టులు పిన్డ్‌కి (చివర్లు తిరగనిచ్చేవి) బదులు ఫిక్స్‌డ్ (బిగించినవి) ఇచ్చారనుకోండి, మధ్యలో 30 వస్తుంది, చివర్ల దగ్గర 60 వస్తుంది. స్క్రీన్ మీద డయాగ్రమ్ అందంగానే ఉంటుంది, ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. ఆ 30 చూసి అడుగున స్టీల్ వేస్తే, సైట్లో ఆ బీమ్ గోడ మీద ఊరికే కూర్చుని ఉంటే, కావాల్సిన దానిలో మూడో వంతుకి డిజైన్ చేసినట్టు. దీన్ని పట్టుకోగలిగిన పిల్లాడు నాకు కావాలి, సాఫ్ట్‌వేర్ బటన్లు నేను నెలలో నేర్పించుకుంటాను.

ఇది ఫ్రెషర్లకే ఉన్న సమస్య కాదు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లీప్నర్ ఎ అనే చమురు ప్లాట్‌ఫామ్ కాంక్రీటు అడుగు భాగం నీళ్లలో దించి పరీక్షిస్తుండగా గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. ఫైనైట్ ఎలిమెంట్ మోడల్‌లో, అంటే నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా చేసి కంప్యూటర్‌లో లెక్కించే మోడల్‌లో, ఆ ముక్కల అల్లిక (మెష్) సరిగా లేక ఆ గోడల్లో షియర్ స్ట్రెస్ (కోత ఒత్తిడి) 47 శాతం తక్కువగా వచ్చింది, దాన్ని నమ్మి స్టీల్ వేశారు. ప్రాణనష్టం జరగలేదు గానీ వందల మిలియన్ల డాలర్ల పని సముద్రం పాలైంది. మీ పిల్లలకి స్ట్రక్చరల్ అనాలిసిస్ మొదటి వారంలోనే ఇది చెప్పండి మేడమ్, సాఫ్ట్‌వేర్ ఎందుకు నేర్చుకోవాలో, చేతిలెక్క ఎందుకు మానకూడదో రెండూ ఒకే పాఠంలో అర్థమవుతాయి.

కాబట్టి నా సలహా: సాఫ్ట్‌వేర్ రన్ చేసే ముందే జవాబు ఎంత రావచ్చో కాగితం మీద రాసి మీకు ఇవ్వాలి. తర్వాత రన్ చేసి, తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయాలి. మార్కులు ఆ రెండు వాక్యాలకే ఇవ్వండి. కలర్ ప్రింటౌట్లకి మార్కులు ఇవ్వకండి.

లూప్_బ్రేక్

సీఎస్ఈ వైపు నుంచి కొంచెం వ్యతిరేకంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

సబ్జెక్టుల్లో కలపాలి అనే మాట నిజమే, కానీ అందరి పని అంటే చివరికి ఎవరి పనీ కాకుండా పోతుంది. థర్మల్ మాస్టారులా శ్రద్ధ ఉన్నవాళ్లు డిపార్ట్‌మెంట్‌కి ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లు సిలబస్ అవగొట్టడమే గగనం అనుకునే పరిస్థితి, వాళ్లమీద ఇదొకటి పెడితే మళ్లీ కాగితాల మీదే జరుగుతుంది. పైగా కొన్ని పునాదులు ఏ సబ్జెక్టూ సొంతం చేసుకోదు. ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో తెలియడం, సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన డేటా ఫైల్) అంటే ఏంటి, ఖాళీ గళ్లూ తప్పు యూనిట్లూ ఉన్న డేటాని ఎలా శుభ్రం చేయాలి, నిన్నటి వెర్షన్ పోకుండా ఎలా దాచుకోవాలి, ఒక ఎర్రర్ మెసేజ్ చదివి దాన్ని ఎలా వెతకాలి, ఇవన్నీ ఫ్లూయిడ్ మెకానిక్స్ మేడమ్ నేర్పలేరు, నేర్పే టైమ్ కూడా ఉండదు.

సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులమ్‌లో అన్ని బ్రాంచీలకీ ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్ పెట్టారు, ఉద్దేశం మంచిదే. అమలులో ఏమైంది? చాలాచోట్ల ఇంకా టర్బో సి నీలం స్క్రీన్ మీద, అది తొంభైల నాటి సాఫ్ట్‌వేర్, ప్రైమ్ నంబర్లు, ఫిబొనాచీ, పాలిండ్రోమ్ చేయించి, ఆ ప్రోగ్రాములని పెన్నుతో రికార్డులో రాయించి, అవుట్‌పుట్‌ని కూడా చేత్తో రాయిస్తున్నారు. సివిల్ పిల్లాడికి పాలిండ్రోమ్‌తో ఏం పని? ఆ కోర్సుని తీసేయడం కాదు, దాన్ని బాగుచేయాలి. లూపులు నేర్పాలంటే వర్షపాతం డేటా ఇవ్వండి, కండిషన్లు నేర్పాలంటే కాంక్రీట్ క్యూబ్ స్ట్రెంత్ పాసా ఫెయిలా చూడమనండి. బేస్ విడి కోర్సుగా ఉండాలి, ఉదాహరణలు బ్రాంచీవి ఉండాలి. ఆ తర్వాతే మీరు చెప్పే సబ్జెక్టు అసైన్‌మెంట్లు నిలబడతాయి. మీ సీఎస్ఈ వాళ్లతో ఒకసారి కూర్చుని ఉదాహరణల లిస్టు మార్పించండి, సిలబస్ మార్చకుండానే అయ్యే పని ఇది. చాలామంది ఒప్పుకుంటారు, అడిగేవాళ్లు లేకనే జరగట్లేదు.

డిప్లొమా_బ్యాచ్

మేడమ్ నమస్తే, నేను పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌లో బీటెక్ సెకండియర్‌లో చేరి, పోయినేడాది పాసయ్యాను. మా లాంటివాళ్ల సంగతి కూడా ప్రపోజల్‌లో పెట్టండి. ఈసెట్‌లో వచ్చినవాళ్లం ఫస్టియర్ ప్రోగ్రామింగ్ కోర్సు అసలు చదవం, నేరుగా సెకండియర్‌లో కూర్చుంటాం, అక్కడ మాకు తెలుసనే అనుకుంటారు. అందుకని పైన లూప్ బ్రేక్ సార్ చెప్పిన విడి కోర్సు ఫస్టియర్‌లో మాత్రమే ఉంటే మేము మళ్లీ బయటే మిగిలిపోతాం.

ల్యాప్‌టాప్ లేని సంగతి చెప్పారు కదా, గూగుల్ కొలాబ్ ఫోన్ బ్రౌజర్‌లో కూడా నడుస్తుంది, గూగుల్ షీట్స్ యాప్ కూడా ఫోన్లో బాగానే పనిచేస్తుంది. హాయిగా ఉంటుందని చెప్పను, చిన్న స్క్రీన్ మీద కోడ్ టైప్ చేయడం నరకమే, కానీ నేను మొదటి ఏడాదంతా అలాగే చేశాను. క్యూజీఐఎస్ (మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్), స్టాడ్ లాంటివి మాత్రం ఫోన్లో కుదరవు, వాటికి కాలేజీ ల్యాబే కావాలి. సాయంత్రం బస్సులు వెళ్లాక హాస్టల్ పిల్లలకి ల్యాబ్ తెరిచి ఉంచితే చాలు మేడమ్, టైమ్‌టేబుల్‌లో స్లాట్ కూడా అక్కర్లేదు. మా కాలేజీలో అడిగితే దొంగతనాలవుతాయని తాళం వేసేవాళ్లు.

ఇంకోటి భాష. యూట్యూబ్ వీడియోలు ఇంగ్లిష్‌లో వేగంగా పోతాయి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాడు ఆపుకుంటూ ఆపుకుంటూ చూసి సగంలో వదిలేస్తాడు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులో డబ్ చేసినవి ఉన్నాయి, ఒక్కోటి పది నిమిషాల లోపే ఉంటుంది, వింటూ పక్కనే చేసుకోవచ్చు. మాకు ఆ సంగతి ఫైనల్ ఇయర్‌లో తెలిసింది, ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

సర్వేయింగ్ గురించి కూడా చెప్తాను. ఆంధ్రలో భూముల రీసర్వే డ్రోన్లతో, రోవర్లతో (శాటిలైట్ సిగ్నల్‌తో స్థానం కొలిచే పరికరాలు) చేస్తున్నారు, మా పాలిటెక్నిక్ సీనియర్లు గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లుగా, ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా ఆ పనిలోనే ఉన్నారు. కాలేజీలో మేము మాత్రం గొలుసు, ప్రిస్మాటిక్ కంపాస్ దగ్గరే ఎక్కువ వారాలు గడిపాం. టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం) ఉంది, అద్దాల బీరువాలో ఉంది, పాడైతే ఎవరు కట్టాలి అని బయటికి తీయరు. సర్వే క్యాంపులో ఆ ఒక్కదాన్ని బయటికి తీసి, పాయింట్లు ఎక్కించుకుని, క్యూజీఐఎస్‌లో పెట్టి మ్యాప్ చేయిస్తే చాలు మేడమ్. నాకు ఉద్యోగం వచ్చాక మొదటి వారంలో అడిగింది అదే.

పైప్‌లైన్_ఇంజనీర్

మేడమ్ ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలని అడిగారు, దానికి నా జవాబు నీళ్లు. నేను తాగునీటి పథకాల డిజైన్‌లో ఉన్నాను.

మీ సిలబస్‌లో హార్డీ క్రాస్ మెథడ్ ఉంటుంది. 1936 నాటి పద్ధతి, పైపుల లూప్‌లో ప్రవాహాలు ముందు ఊహించుకుని, హెడ్ లాస్‌ల (పైపులో రాపిడి వల్ల తగ్గే పీడనం) మొత్తం సున్నాకి వచ్చేదాకా సవరించుకుంటూ పోవాలి. పరీక్షలో రెండు ఇటరేషన్లు (సవరణ విడతలు) చేసి ఆపేస్తారు. దాన్నే స్ప్రెడ్‌షీట్‌లో వేసి ఒక్కో ఇటరేషన్ కింద ఇంకోటి లాగుతూ పోతే సవరణ ఎలా చిన్నదవుతూ పోతుందో పిల్లలు చూస్తారు. ఆ తర్వాత అదే లూప్ ఈపానెట్‌లో వేయండి. అది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తయారుచేసిన, పైపుల నెట్‌వర్క్ లెక్కించే ఉచిత సాఫ్ట్‌వేర్, చాలా చిన్నది, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. చేతిలెక్క, షీటు, ఈపానెట్, మూడు చోట్లా ఒకే జవాబు రావాలి. రాకపోతే ఎక్కడ తేడా పడిందో వెతకడమే అసలు చదువు.

అక్కడితో ఆగకండి. హెడ్ లాస్ లెక్కించే హేజెన్ విలియమ్స్ సూత్రంలో పైపు లోపలి నునుపుని చూపే సి విలువ కొత్త పైపుకి 130 పెట్టారనుకోండి, పైపు పాతబడి అది 100కి పడిందని మార్చి చూడమనండి. అదే నీరు, అదే పైపు, హెడ్ లాస్ మాత్రం 60 శాతానికి పైగా పెరుగుతుంది. పథకం మొదలైన కొన్నేళ్లకి చివరి వీధిలో కుళాయి ఎందుకు సన్నగా వస్తుందో పిల్లలకి అప్పుడు అర్థమవుతుంది. వాళ్ల ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు, వాళ్ల వీధుల పైపులు మ్యాప్ చేసి తెమ్మనండి, పంచాయతీలో అడిగితే పైపు సైజులు చెప్తారు. అది ఏ మినీ ప్రాజెక్టుకీ తీసిపోదు, కొనుక్కొచ్చే ప్రాజెక్టుల కన్నా వెయ్యి రెట్లు నయం.

ఫైనల్ ఇయర్ వాళ్లకైతే హెక్‌రాస్, నదిలో వరద ఎంత మేర పాకుతుందో లెక్కించే సాఫ్ట్‌వేర్. ఇది కూడా ఉచితమే, అమెరికా ఆర్మీ ఇంజనీర్లది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది, అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకి పైగా వచ్చింది. బుడమేరు నీళ్లు చివరికి మీ కొల్లేరుకే వస్తాయి, వరదని కొంత డైవర్షన్ ఛానల్‌లో కృష్ణకి మళ్లిస్తారు, కృష్ణే నిండుగా ఉంటే అటు దిగవు. మీ పిల్లలకి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? అయితే ఒక జాగ్రత్త. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎమ్ ఎలివేషన్ (నేల ఎత్తుల) డేటా 2000లో స్పేస్ షటిల్ నుంచి తీసింది, 30 మీటర్ల గళ్లు, ఎత్తులో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు, చెట్లనీ ఇళ్లనీ కూడా నేల ఎత్తుగా చూపిస్తుంది. కొల్లేరు చుట్టూ నేల ఎత్తుల్లో తేడానే అంతకన్నా తక్కువ. అందుకే మ్యాప్‌లో మునిగినట్టు వచ్చిన ఊరు నిజంగా మునగకపోవచ్చు, మునగదన్నది మునగొచ్చు. మీ టోటల్ స్టేషన్ బీరువాలోంచి బయటికి రావాల్సింది ఇక్కడే, కొన్ని పాయింట్ల లెవెల్స్ తీసి ఆ డేటాతో పోల్చి చూపించండి.

కొల్లేరు_సివిల్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. ఈ సెమిస్టర్‌కి హార్డీ క్రాస్ నుంచి ఈపానెట్ దాకా ఒక అసైన్‌మెంట్, స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో ముందు అంచనా రాసి తర్వాత రన్ చేసేది ఒకటి, ఈ రెండే ప్రపోజల్‌లో పెడుతున్నాను. సర్వే క్యాంపులో టోటల్ స్టేషన్ సంగతి మా హెచ్ఓడీ గారితో నేనే మాట్లాడతాను. ఈసెట్ పిల్లలకి సెకండియర్ మొదట్లో కొన్ని సాయంత్రాలు స్ప్రెడ్‌షీట్ బేసిక్స్ నేనే చెప్తాను, ల్యాబ్ తాళం కూడా నా పేరు మీద తీసుకుంటాను.

ఒక్క డౌటు మిగిలింది. రోల్ నంబర్ పెట్టినా చాట్‌జీపీటీకి ఇస్తే షీటు సూత్రాలతో సహా రాసిచ్చేస్తోంది. తేడా ఎందుకొచ్చిందన్న రెండు వాక్యాలు కూడా అదే రాస్తుంది. దీనికేం చేస్తున్నారు?

థర్మల్_మాస్టారు

వాడొద్దని చెప్పి లాభం లేదు మేడమ్, ఉద్యోగంలో ఎలాగూ వాడతారు. నేను షీటు ఇంట్లో ఎలాగైనా చేసుకురమ్మంటాను, మార్కులు మాత్రం ల్యాబ్‌లో నా ఎదురుగా. షీటు తెరిచి నేను ఒక ఇన్‌పుట్ మారుస్తాను, రన్ కాకముందే జవాబు పెరుగుతుందా తగ్గుతుందా, సుమారు ఎంత అని చెప్పాలి. తర్వాత ఒక గడిలో సూత్రం చెడగొట్టి ఎక్కడ తప్పుందో వెతకమంటాను. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, సెక్షన్ మొత్తానికి రెండు ల్యాబ్ పీరియడ్లు పోతాయి, అవి రికార్డు దిద్దే టైమ్‌లోంచి తీసుకోండి. తనే చేసినవాడు ఠక్కున చెప్తాడు, ఏఐతో చేయించుకున్నా అర్థం చేసుకున్నవాడు కూడా చెప్తాడు, వాడికి మార్కులు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

మొదటిసారి నెట్‌వర్క్ రెండు లూపులు దాటనివ్వకండి, మూడోది కలిపితే చేతిలెక్క దగ్గరే పిల్లలు వదిలేస్తారు. ఈపానెట్‌లో ప్రవాహం యూనిట్లు మొదట గ్యాలన్లలో ఉంటాయి, లీటర్ పర్ సెకండ్‌కి మార్చుకోమని ముందే చెప్పండి, లేకపోతే మొదటి రోజంతా మూడు జవాబులు ఎందుకు కలవట్లేదా అని దానితోనే సరిపోతుంది.